పక్షం కక్షగా మారిన చరిత్ర: శ్రీబాగ్ నుండి నేటి సభల వరకు వాదధర్మ పరిశీలన

శాసనసభలో అధికారం లేనివారిని మనం 'ప్రతిపక్షం' అంటున్నాం. ప్రతిదినం వార్తాపత్రికలలో చదివే ఈ పదానికి పుట్టిల్లు న్యాయదర్శనం. గౌతమ మహర్షి తన న్యాయసూత్రాలలో వాదానికి లక్షణం చెబుతూ, ప్రమాణతర్కాలను ఆధారం చేసుకొని, స్వసిద్ధాంతానికి విరోధం లేకుండా, పంచావయవయుక్తంగా పక్షప్రతిపక్షాలను పరిగ్రహించడమే వాదమని నిర్వచించారు. ఒక వస్తువునందు ఒక ధర్మాన్ని ప్రతిపాదించడం పక్షం. అదే వస్తువునందు దానికి విరుద్ధమైన ధర్మాన్ని ప్రతిపాదించడం ప్రతిపక్షం. ఇక్కడ 'అదే వస్తువు' అనే మాట ప్రధానం. ఒకరు ఆత్మ నిత్యమని, మరొకరు బుద్ధి అనిత్యమని పలికితే అవి పక్షప్రతిపక్షాలు కానేరవని భాష్యకారుడైన వాత్స్యాయనుడు స్పష్టం చేశాడు. ఆశ్రయం ఒకటి కానప్పుడు విరోధమే లేదు; విరోధం లేనిచోట విచారణ లేదు; విచారణ లేనిచోట నిర్ణయం లేదు.

దీనినిబట్టి ప్రతిపక్షం శత్రువర్గం కాదని తేలుతున్నది. సత్యనిర్ణయానికి అది అర్ధాంగం వంటిది. ప్రతిపక్షం లేని పక్షం పరీక్షకు నిలవని పక్షం.

రాయలసీమలో దీనికి ప్రాసగా మరొక మాట ప్రచారంలో ఉన్నది. అది 'కక్ష'. కక్షలు, ముఠాకక్షలు, పాతకక్షలు అనే పదబంధాలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, కొండాపురం ప్రాంతాల ప్రజలకు విడమరచి చెప్పనక్కరలేనివి. ఒక్క అక్షరం మారింది. పక్షం కక్ష అయింది. ఆ మార్పుతో సభ స్వభావమే మారిపోయింది. ప్రజాస్వామ్యదేశాలన్నింటా రాజకీయచర్చ క్షీణిస్తున్నదని విజ్ఞులు ఆవేదన చెందుతున్న ఈ కాలంలో, ఆ క్షీణతను మన నేల చరిత్రలోనే పరిశీలించడం సాధకులకు ఉపయుక్తమని భావించి ఈ వ్యాసం సమర్పిస్తున్నాం.

కథాత్రయం

న్యాయశాస్త్రం సంభాషణను 'కథ' అంటుంది. ఆ కథ మూడు విధాలు: వాదం, జల్పం, వితండం. తత్త్వాన్ని తెలుసుకోవాలనే కోరికతో జరిగేది వాదం. గురువుతో, సహాధ్యాయితో, శ్రేయస్సును కోరేవారితో, అసూయ లేనివారితో వాదం చేయాలని సూత్రకారుని ఉపదేశం. గెలుపే ప్రయోజనంగా ఛల, జాతి, నిగ్రహస్థానాలను ప్రయోగిస్తూ చేసేది జల్పం. తనకంటూ స్థాపించవలసిన పక్షమేదీ లేకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండం. భగవద్గీతలోని విభూతియోగంలో భగవానుడు సంభాషించేవారిలో తాను వాదమునని చెప్పుకొన్నాడు. జల్పవితండాలను తన విభూతిగా పేర్కొనలేదు.

అయితే శాస్త్రం జల్పవితండాలను పూర్తిగా నిషేధించలేదు. మొలకెత్తిన పైరును కాపాడడానికి చేను చుట్టూ ముళ్లకంప వేసినట్లు, తత్త్వనిశ్చయాన్ని సంరక్షించుకోవడానికి అవి పనికివస్తాయని అంగీకరించింది. ముళ్లకంప గట్టున ఉన్నంతవరకు మేలే. చేనంతా కంపే అయితే పంట ఎక్కడిది? నేటి రాజకీయసంభాషణకు ఇంతకన్న తగిన ఉపమానం దొరకదు.

వాదంలో ఓటమికి హేతువులైన నిగ్రహస్థానాలు ఇరవైరెండు. వాటిలో కొన్నింటిని చదివితే, సూత్రకారుడు మన శాసనసభల ప్రేక్షకస్థానంలో కూర్చుండి వ్రాశాడేమో అనిపిస్తుంది. తన మాట ఖండితమైనప్పుడు "నేను ఆ మాట అననే లేదు" అని తప్పించుకోవడం ప్రతిజ్ఞాసన్న్యాసం. ప్రస్తుతవిషయాన్ని విడిచి సంబంధం లేని దానిని ఎత్తుకోవడం అర్థాంతరం. తన పక్షంలోని దోషాన్ని పరిహరించకుండా "ఆ దోషం మీ పక్షంలోను ఉన్నది కదా" అనడం మతానుజ్ఞ. "మీ హయాంలో జరగలేదా?" అనే వాక్యం లేని చర్చను ఈ రోజులలో చూడడం దుర్లభం. ఆ వాక్యం పలికినవాడు తన దోషాన్ని ఒప్పుకొన్నట్లేనని, కనుక ఓడినట్లేనని శాస్త్రం తీర్పునిచ్చింది. మన సభలలో అదే వాక్యానికి బల్లలు చరుస్తారు. ఇక వాదం నడుస్తుండగా "నాకు వేరే పని ఉన్నది" అని నెపం చెప్పి లేచిపోవడం విక్షేపం. వాకౌట్ అన్నింటినీ విక్షేపంగా పరిగణించరాదు. చెప్పవలసినది చెప్పి, వినిపించుకొనే నాథుడు లేక నిరసనగా వెళ్లడం వేరు. ప్రత్యుత్తరం ఇవ్వలేక వెళ్లడం వేరు. ఆ తేడా వెళ్లేవాని అంతరాత్మకు తెలుసు.

ఛలం కూడ అటువంటిదే. 'నవకంబళుడు' అంటే క్రొత్త కంబళి కలవాడని వక్త ఉద్దేశం. 'నవ' శబ్దానికి తొమ్మిది అనే అర్థం తీసుకొని "ఇతనికి తొమ్మిది కంబళ్లు ఎక్కడివి?" అని ఆక్షేపించడం వాక్ఛలానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గంట ప్రసంగంలో పది క్షణాల తునక కోసి, వక్త ఉద్దేశించని అర్థాన్ని దానికి అంటగట్టి సెల్‌ఫోన్లలో ఊరూరా త్రిప్పడం ఈ ఛలానికే నవీనరూపం. ఉపకరణం క్రొత్తది, దోషం ప్రాచీనం.

సమాధానం దొరకని ప్రశ్న

పూర్వకాలమంతా వాదయుగమని, ఇప్పుడే పతనం ప్రారంభమైందని అనుకోవడం భ్రమ. కురుసభను స్మరిద్దాం. ధర్మజుడు ముందు తనను ఓడిపోయి ఆ తరువాత తనను పణంగా ఒడ్డాడా, లేక ముందే ఒడ్డాడా అని ద్రౌపది వేసిన ప్రశ్న శుద్ధమైన న్యాయప్రశ్న. స్వామిత్వం కోల్పోయినవానికి ఇతరులపై స్వామిత్వం ఎట్లా సిద్ధిస్తుందన్నది అందులోని హేతువు. ఆ సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు. ధర్మం సూక్ష్మమని చెప్పి భీష్ముడు నిర్ణయానికి వెనుకాడాడు. తక్కినవారు మౌనం వహించారు. కౌరవపక్షంలోనే ఉన్న వికర్ణుడు లేచి ఆమె మాట న్యాయమన్నాడు. కర్ణుడు అతని హేతువును ఖండించడంతో తృప్తిపడక, నీవు బాలుడవని అతనినే అధిక్షేపించాడు. వ్యక్తిదూషణతో హేతువును కప్పివేసే పద్ధతికి అది తొలి సభాసాక్ష్యాలలో ఒకటి. సభలో ప్రశ్నకు సమాధానం దొరకకపోతే అది రణభూమిలో సమాధానం వెదకుకొంటుంది. కురుక్షేత్రం ఆ సమాధానమే.

బౌద్ధులు భద్రపరచిన మిళిందప్రశ్నలో మరొక నిదర్శనం ఉన్నది. యవనరాజు మిళిందుడు తనతో వాదించమని కోరగా, పండితులవలె వాదిస్తావా, రాజులవలె వాదిస్తావా అని నాగసేనుడు అడిగాడు. పండితులు ఖండితులైనా కోపించరు; రాజులు ఒక మాట చెప్పి, దానిని కాదన్నవానిని దండించమంటారు. పండితవాదమైతేనే వస్తానని ఆ భిక్షువు నియమం పెట్టాడు, రాజు ఒప్పుకొన్నాడు. ప్రజాస్వామ్యం అంటే రాజుల వాదపద్ధతిని వదలి పండితుల వాదపద్ధతిని రాజ్యాంగంలో నిలుపుకోవడమే.

మాటను శిలపై నిలిపిన సీమ

కొండాపురం నుండి రైలుమార్గంలో ముద్దనూరు మీదుగా తూర్పుగా సాగితే ఎర్రగుంట్ల వస్తుంది. ఆ మండలంలోని కలమల్లలో, చెన్నకేశవాలయ ప్రాంగణంలో రేనాటిచోళుడైన ధనంజయుని శాసనం లభించింది. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన ఆ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా పండితులు పరిగణిస్తున్నారు. రాజు మాట తెలుగులో శిలపై నిలిచిన తొలి తావు ఈ రేనాడే. శాసనం అంటే పలికినదానికి కట్టుబడడం. వాక్కు సాక్షిగా నిలవాలన్న సంస్కారం ఈ నేలకు దాదాపు పదునాలుగున్నర శతాబ్దాల పూర్వమే అలవడినది.

ఇదే నేలకు మరొక వారసత్వం కూడ ఉన్నది. విజయనగరసామ్రాజ్యం అస్తమించిన తరువాత ఈ ప్రాంతమంతా పాళెగాండ్ర చేతులలో చీలికలైంది. ఒక్కొక్క కొండకు ఒక్కొక్క కోట, ఒక్కొక్క కోటకు ఒక్కొక్క పగ. 1800లో నిజాం ఈ మండలాలను ఆంగ్ల కంపెనీకి అప్పగించాడు. ఆనాటి నుండి వీటికి దత్తమండలాలని పేరు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి పాళెగాండ్రను అణచివేశాడు. కోటలు కూలాయి గాని పగలు కూలలేదు. గ్రామాలలో పెద్దరికం కోసం, భూమి కోసం, నీటికాలువ కోసం అవి రూపం మార్చుకొని కొనసాగాయి. అరుదైన వర్షం, పదేపదే వచ్చే కరవు వాటికి ఎరువయ్యాయి. 1876 నుండి 1878 వరకు సాగిన మహాక్షామం ఈ జిల్లాల వెన్ను విరిచింది.

కలమల్ల వారసత్వం ఒకటి, పాళెగాని వారసత్వం ఒకటి. ఇరవయ్యవ శతాబ్దపు సీమ రాజకీయచరిత్ర అంతా ఈ రెండింటి పెనుగులాటయే.

శ్రీబాగ్: ఒక వాదం ఎట్లా నిర్ణయమైంది

1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్రమహాసభ సమావేశమై, తెలుగువారికి ప్రత్యేకరాష్ట్రం అనే భావన బలపడుతున్నప్పుడు దత్తమండలాల నాయకులకు సంశయం కలిగింది. న్యాయశాస్త్రం పేర్కొన్న పదహారు పదార్థాలలో సంశయం ఒకటి. అది నింద్యం కాదు, విచారణకు ద్వారం. వారి సంశయం నిర్హేతుకం కాదు. గోదావరిపై ధవళేశ్వరం వద్ద, కృష్ణపై బెజవాడ వద్ద పందొమ్మిదవ శతాబ్దమధ్యంలోనే ఆనకట్టలు వెలిసి కోస్తా సస్యశ్యామలమైంది. విద్యలోను, పత్రికలలోను, న్యాయవాదవృత్తిలోను ఆ జిల్లాలు ముందంజ వేశాయి. మద్రాసు పెత్తనం నుండి విడివడి మరొక పెత్తనం క్రిందకు పోవడం కాదా అని సీమవాసులు అడిగారు. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కేంద్రం విషయంలో వివాదం చెలరేగి, సీమ జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండిపోయాయి. 1928లో నంద్యాల సభల సందర్భంగా చిలుకూరి నారాయణరావు 'దత్త' శబ్దానికి బదులు 'రాయలసీమ' అనే పేరు సూచించారు. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన భూమి అనే అవమానం ఒక్క పదంతో తొలగింది. వాక్శక్తి అంటే అది.

1937లో పరిష్కారయత్నం మొదలైంది. ఉభయప్రాంతాల నాయకులు నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగ్‌లో సమావేశమై ఒక ఒప్పందానికి వచ్చారు. కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు సీమపక్షాన, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్య కోస్తాపక్షాన అందులో పాల్గొన్న ప్రముఖులు.

ఈ ఒప్పందాన్ని పంచావయవాలతో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఉమ్మడిరాష్ట్రంలో సీమకు లిఖితమైన రక్షణలు కావాలన్నది ప్రతిజ్ఞ. వెనుకబాటు హేతువు. విశ్వవిద్యాలయ వివాదం, క్షామచరిత్ర ఉదాహరణ. నీటిలోను, పదవులలోను అదే జరుగుతుందన్నది ఉపనయం. కనుక నియమాలు వ్రాసుకోవాలన్నది నిగమనం. కోస్తానాయకులు ఆ హేతువును ఎగతాళి చేయలేదు, ఉద్దేశాలను శంకించలేదు. విని, తూచి, నియమాలుగా వ్రాశారు. వాల్తేరుతోపాటు అనంతపురంలో కూడ విశ్వవిద్యాలయకేంద్రం వృద్ధి కావాలన్నారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో పది సంవత్సరాలపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువకాలం, రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. శాసనసభాస్థానాలలో జిల్లాలకు సమప్రాతినిధ్యం ఉండాలన్నారు. రాజధాని, ఉన్నతన్యాయస్థానం రెండూ ఒకేచోట ఉండనవసరం లేదని, అవి కోస్తాలోను సీమలోను తగిన స్థలాలలో నెలకొనాలని, వాటిలో ఏది కావాలో కోరుకొనే హక్కు సీమదేనని తేల్చారు. అన్నింటికన్న మిన్నగా, ఉభయుల సమ్మతితో ఈ నియమాలను మార్చుకోవచ్చునని కూడ చేర్చారు. తన నిర్ణయం కూడ పునర్విచారణకు లోబడినదేనని ఒప్పుకొనడం వాదానికి పరమలక్షణం.

లోపాలు లేవని కాదు. కొద్దిమంది విద్యావంతులు ఒక గృహంలో కూర్చుండి వ్రాసుకొన్న పత్రం అది. కరవులో గంజికేంద్రాల ముందు నిలిచిన రైతుకూలీలు, దళితులు, స్త్రీలు ఆ గదిలో లేరు. దానికి చట్టబద్ధత కూడ లేదు. అయినా ప్రాంతద్వేషం ప్రజ్వరిల్లవలసిన తరుణంలో అది చల్లారింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు రాజధాని కర్నూలులోను, మరుసటి సంవత్సరం ఉన్నతన్యాయస్థానం గుంటూరులోను ఏర్పడ్డాయి. పదహారేండ్లనాటి మాట అంతమేరకు నిలిచింది. 1956లో హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో ఆ ఏర్పాటు మూడేండ్లకే ముగిసింది. ఒప్పందం పత్రంగా మిగిలి, క్రమంగా మనోవ్యథగా మారింది.

ఒక్క ఓటు విలువ

కర్నూలులోని ఆ అల్పకాలిక శాసనసభ ఒక పాఠం మిగిల్చింది. 1954 నవంబరులో మద్యనిషేధ విధానంపై వచ్చిన అవిశ్వాసతీర్మానంలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ ఘటన వెనుక రాజకీయవ్యూహాలు లేవని ఎవరూ అనరు. కాని సభ్యుని చెవికి, అతని ఓటుకు నడుమ అప్పటికి ఒక దారి తెరచి ఉన్నది. విన్న మాట వల్ల ఓటు మారే అవకాశం ఉన్నంతవరకు వక్త ప్రమాణాలు వెదకుతాడు.

తరువాత పార్టీ ఫిరాయింపులు వ్యాపారమైనాయి. 1984 ఆగస్టులో హైదరాబాదులో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కూలడం, సెప్టెంబరులో మరల నిలవడం తెలుగువారికి ప్రత్యక్షం. ఆ వ్యాధికి ఔషధంగా 1985లో యాభైరెండవ రాజ్యాంగసవరణ వచ్చింది. విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. ఔషధం అవసరమే, కాని దానికి దుష్ఫలం కూడ ఉన్నది. ఎవరు ఏమి చెప్పినా ఓటు ముందే నిర్ణీతం. నిర్ణయానికి చోటు లేని సంభాషణను శాస్త్రం వాదం అనదు. అప్పుడు వక్త ఎదుటి సభ్యునితో మాట్లాడడం మాని కెమెరాతో మాట్లాడతాడు. కెమెరాకు హేతువు అక్కరలేదు, ఉద్రేకం కావాలి.

సమయం కూడ కుంచించుకుపోయింది. తొలి లోక్‌సభ తన పదవీకాలంలో 677 దినాలు సమావేశమైంది. 2024లో ముగిసిన పదిహేడవ లోక్‌సభ 274 దినాలే కూర్చుంది. రాజ్యాంగసభ ఒక్క ముసాయిదాపైనే 114 దినాలు విచారణ జరిపిన దేశం మనది. ఆ సభలో 7,600కు పైగా సవరణలు ప్రతిపాదనకు వచ్చాయి, 2,473 చర్చకు వచ్చాయి. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, దుర్గాబాయి వంటి తెలుగు సభ్యులు ఆ విచారణలో కీలకపాత్ర వహించారు.

భక్తి ఎక్కడ, బుద్ధి ఎక్కడ

భక్తులకు, సాధకులకు ప్రత్యేకంగా విన్నవించవలసిన విషయం ఒకటి ఉన్నది. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో చేసిన ప్రసంగంలో డా. అంబేడ్కర్, మతంలో భక్తి ఆత్మవిముక్తికి మార్గం కావచ్చునని, రాజకీయంలో భక్తి పతనానికి, తుదకు నియంతృత్వానికి దారితీస్తుందని హెచ్చరించారు. ఇది భక్తిమార్గానికి నింద అని కొందరు అనుకొన్నారు. నిజానికి భక్తిశాస్త్రం కూడ ఇదే చెబుతున్నది. నారదభక్తిసూత్రాలు భక్తిని పరమప్రేమరూపంగా నిర్వచించాయి. ఆ ప్రేమకు ఆలంబనం భగవంతుడు. దోషరహితుడైన ఈశ్వరునికి చెందవలసిన నిశ్శేషశరణాగతిని దోషసహితుడైన మానవునికి సమర్పించడం భక్తి కాదు, అది అధ్యాస. ఒకదాని ధర్మాన్ని మరొకదానిపై ఆరోపించడమే అధ్యాస అని శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యప్రారంభంలో వివరించారు.

నాయకునికి పాలాభిషేకం చేసే చేతులు అతనిని ప్రశ్నించడానికి లేవవు. అభిమానం భక్తి వేషం ధరించినప్పుడు, ఆ నాయకుని ప్రశ్నించినవాడు అసమ్మతివాదిగా కాక దైవద్రోహిగా కనిపిస్తాడు. పక్షం కక్షగా మారే ఘడియ సరిగా అదే. కడప లోక్‌సభాస్థానం నుండి కమ్యూనిస్టు పార్టీ పక్షాన ఎద్దుల ఈశ్వరరెడ్డి పలుమార్లు ఎన్నికైన రోజులు ఉన్నాయి. జమ్మలమడుగు సీమవాసులు వ్యక్తిని కాక వాదాన్ని తూచి ఓటు వేయగలరని దానివల్ల తెలుస్తున్నది. ఆ శక్తి నశించలేదు, నిద్రించింది.

ఇటీవలి దృశ్యాలు

2014 ఫిబ్రవరిలో తెలుగురాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభకు వచ్చింది. అంతకుముందు జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఒక సభ్యుడు మిరియాల ద్రావకం చల్లాడు. 18న, ప్రత్యక్షప్రసారం ఆగిపోయిన సభలో బిల్లు ఆమోదం పొందింది. విభజన న్యాయమా కాదా అన్నది ఇక్కడి విషయం కాదు. తెలంగాణ పక్షానికి ఆరు దశాబ్దాల హేతువులున్నాయి, సమైక్యపక్షానికి తన హేతువులున్నాయి. శ్రీబాగ్‌లో ఉభయులూ ఒక బల్ల చుట్టూ కూర్చుండి ముగించిన రీతికి, కండ్లు మండుతున్న సభలో ముగిసిన రీతికి మధ్య ఉన్న దూరమే మన పతనానికి కొలత.

2021 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్ శాసనసభలో తన కుటుంబాన్ని దూషించారని ఆవేదన చెంది, ముఖ్యమంత్రిగానే తిరిగి ఈ సభలో అడుగుపెడతానని ప్రతిపక్షనాయకుడు శపథం చేసి నిష్క్రమించారు. 2024 ఎన్నికలలో ఫలితం తిరగబడింది. నాటి పాలకపక్షం 175 స్థానాలలో 11కు పరిమితమైంది. పులివెందుల నుండి ఎన్నికైన దాని నాయకుడు ప్రతిపక్షహోదా లభించనిదే సభకు రాలేమన్న వైఖరి తీసుకొన్నారు. ఇద్దరి పక్షాన సమర్థనలు ఉన్నాయి. కాని శాస్త్రదృష్టితో చూస్తే రెండు మాటలు చెప్పక తప్పదు. ప్రతిపక్షానికి సంఖ్య లక్షణం కాదు, వికర్ణుడు ఒక్కడే. అట్లే హోదా లేనంతమాత్రాన ప్రతిపక్షధర్మం లోపించదు. వికర్ణునికి ఏ హోదా ఉన్నది? అధికారంలో ఉన్నవారు మరొక మాట గుర్తుంచుకోవాలి. దూషణకు గురియై ఎదుటివాడు వెళ్లిపోయిన సభలో మిగిలినది విజయం కాదు, శూన్యం.

ఈ వ్యాధి మనదే అని నిరాశపడనవసరం లేదు. 1858లో అమెరికాలో లింకన్, డగ్లస్ బానిసత్వవిస్తరణపై ఏడు పట్టణాలలో ఏడు వాదాలు జరిపారు. ఒక్కొక్కటి మూడు గంటలు: మొదటివక్తకు గంట, ప్రతివక్తకు గంటన్నర, మరల మొదటివానికి అరగంట. జనం నిలబడి విన్నారు. అదే దేశంలో 2020 సెప్టెంబరులో అధ్యక్షపదవి అభ్యర్థుల చర్చ పరస్పర అంతరాయాలతో కలుషితమై, తరువాతి చర్చలో మైకులను నిలిపివేసే ఏర్పాటు చేయవలసివచ్చింది.

కొండాపురం అడిగిన ప్రశ్న

శ్రీబాగ్ పత్రంలో కృష్ణ, పెన్న జలాల మాట ఉన్నదని చూశాం. దశాబ్దాల తరువాత గాలేరు–నగరి పథకం ద్వారా శ్రీశైలం నుండి కృష్ణాజలం పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకుల మీదుగా గండికోట జలాశయానికి చేరింది. సుమారు 27 టి.ఎం.సి.ల ఆ జలాశయం పెన్నానదిపై వెలిసి, కరవుసీమకు ప్రాణాధారమైంది. దాని వెనుకజలాలు మునిగించినవాటిలో అధికభాగం కొండాపురం మండలగ్రామాలు. పాత కొండాపురం తరలిపోయింది. 2020లో జలాశయమట్టం పెంచుతున్నప్పుడు తాళ్లప్రొద్దుటూరు గ్రామస్థులు పరిహారం పూర్తిగా అందే వరకు, క్రొత్త ఇళ్లు లేచే వరకు గడువు కావాలని వేడుకొని దీక్షకు కూర్చున్నారు. నీరు గడువు అడగలేదు.

సీమకు నీరు కావాలా అన్నది వివాదమే కాదు. ఆ నీటి వెల ఎవరు చెల్లించాలి, ఏ లెక్కన, ఏ వేళ అన్నదే ప్రశ్న. అది ద్రౌపది ప్రశ్నవలె సూటియైనది, ప్రమాణాలతో తేల్చదగినది. ఎవరికి ఎంత పరిహారం అందింది, ఎవరికి అందలేదు, ఎందుకు అందలేదు అన్నవి ప్రత్యక్షప్రమాణానికి లొంగే విషయాలు. కాని అటువంటి ప్రశ్న సభకు చేరేసరికి ఒక పక్షం తన హయాంలో ఖర్చయినది చెబుతుంది, మరొక పక్షం ఎదుటివారి హయాంలో జరగనిది చెబుతుంది. అర్థాంతరం ఒకవైపు, మతానుజ్ఞ మరొకవైపు. చర్చాప్రమాణాలు పడిపోవడమంటే పండితులకు కలిగే చెవినొప్పి మాత్రమే కాదు. ఇంటికప్పు మునిగినవాని ప్రశ్న సమాధానం లేకుండా మునిగిపోవడం.

సాధకుని కర్తవ్యం

గీతలోని శ్రద్ధాత్రయవిభాగయోగంలో వాఙ్మయతపస్సు నిరూపితమైంది. ఉద్వేగం కలిగించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన వాక్కు దాని స్వరూపం. తపస్సు అంటే అడవికి పోవడమే అని భావించేవారు ఈ తపస్సును గ్రామచావడిలో, కుటుంబంలో, ఎన్నికల వేళ ఆచరించి చూడాలి. అది ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

చరకసంహిత సంభాషలను రెండుగా విభజించింది. జ్ఞానవంతుడు, కోపం లేనివాడు, ఎదుటివాని మాట సహించగలవాడు అయిన వానితో చేసేది సంధాయసంభాష. పోరుగా చేసేది విగృహ్యసంభాష. ఎవరితో ఏది చేయాలో ముందుగా పరీక్షించుకోమని వైద్యులకు ఆ శాస్త్రం బోధించింది. పౌరునికి కూడ అది వర్తిస్తుంది. ఎవరైనా నాయకుని మాట విన్నప్పుడు మూడు విషయాలు పరీక్షిద్దాం: ఇందులో ప్రతిజ్ఞ ఉన్నదా, దానికి హేతువు చెప్పాడా, అడిగిన ప్రశ్నకే బదులిచ్చాడా? ఆ పరీక్ష మొదట మనం అభిమానించే నాయకునికి పెట్టాలి. ఎదుటిపక్షానికి మాత్రమే పెట్టే పరీక్ష పరీక్ష కాదు, కక్ష.

ధనంజయుని శాసనం కలమల్లలో శిలపై నిలిచింది. శ్రీబాగ్ మాట కాగితంపై నిలిచి, మూడేండ్లు ఆచరణలో నిలిచింది. ఇప్పటి సభలలో పలికిన మాట సాయంకాలపు వార్తలదాకా నిలవడం లేదు. దానిని నిలబెట్టవలసినది పలికేవారు మాత్రమే కాదు, వినేవారు కూడ. శ్రోత ప్రమాణం అడిగినచోట వక్త ప్రమాణం తెస్తాడు. శ్రోత చప్పట్లు మాత్రమే కొట్టినచోట చప్పట్లకు తగిన మాటలే వస్తాయి. కనుక సభను సంస్కరించే పని శ్రవణంతో ప్రారంభమవుతుంది. శ్రవణమే జ్ఞానసాధనలో కూడ తొలిమెట్టు.